జనం తగ్గినాకే అంతరగంగె

కార్తీక సోమవారాలు అయిపోయినాయి. ఇంక శివరాత్రి దాకా అంతరగంగె మెట్ల మీద అంత తోపులాట ఉండదు. "ఇప్పుడు పోయి ఏం చూస్తారు, అంగళ్ళు కూడా సరిగ్గా ఉండవు" అని మన ఇండ్లల్లో చాలామంది అంటారు. మేం దానికి ఒప్పుకోం. అంతరగంగెను చూడాల్సిన కాలం మార్గశిరం, పుష్యమే అని మా మాట.

డిసెంబరు సెలవులకు బెంగళూరు నుంచీ, అమెరికా నుంచీ మన పిల్లలు వస్తారు. వచ్చినోళ్ళకు రెండు చోట్లే గుర్తొస్తాయి. ఒకటి నంది కొండ. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యేదాకా అదీ మన కోలారు జిల్లాలోనిదే. మంచు చూడాలని తెల్లవారుజామున బయలుదేరి, బండ్ల వరసలో ఇరుక్కొని, ఎండెక్కినాక పైకి చేరతారు. రెండోది కేజీఎఫ్ సైనైడ్ దిబ్బలు. 2018లో సినిమా వచ్చినప్పటి నుంచీ వాటికి గిరాకీ పెరిగింది. చూడొద్దని అనం. కానీ అది గనిరాయిని పిండి చేసి, బంగారం తీసుకున్నాక పారబోసిన పిప్పి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినా ఆ పిప్పి మాత్రం మనకు మిగిలింది. దాన్ని చూసి, ఈ నేల తనంతట తాను ఇచ్చేదాన్ని చూడకుండా పిల్లలు వెనక్కి పోతే ఎట్ల?

అంతరగంగె కోలారు ఊరికి ఆనుకొనే ఉన్న శతశృంగ పర్వతం మీద ఉంది. కాశీ విశ్వేశ్వరుని గుడి దగ్గర కోనేట్లోకి రాతి బసవన్న నోట్లోంచి నీళ్ళు పడతాయి. గంగమ్మే భూమి లోపల్లోపల వచ్చిందని పెద్దోళ్ళు చెప్తారు. వాన నీళ్ళు బండల నెర్రెల్లోకి ఇంకి, మెల్లమెల్లగా దిగి, ఊటగా బయటపడతాయి. అందుకే వానలు నిలిచినాక కూడా ధార పడతానే ఉంటాది. ఆ మర్మం అర్థం కావాలంటే వానలు పోయినాకే పోవాలి. దాని సప్పుడు చెవిన పడాలంటే జనం లేని రోజే పోవాలి.

ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని జిల్లా మనది. పాలారులో నీళ్ళకంటే ఇసుకను చూసిన రోజులే ఎక్కువ. బోర్లు వెయ్యి అడుగులు దాటించిన రైతులు మన బంధువుల్లోనే ఉన్నారు. 2018 నుంచి బెంగళూరు మురికినీళ్ళను శుద్ధి చేసి మన చెరువులకు వదులుతున్నారు. ఇట్లాంటి సీమలో పుట్టినోళ్ళ పిల్లలకు ఒక ఊట ఎట్లా బతుకుతుందో తెలియకపోతే, రేపు దాన్ని కాపాడేది ఎవరు?

కార్తీకంలో పోవద్దని మేం చెప్పడం లేదు. దీపాల సంబరం కూడా మనదే. ఆ నెల బేరాల మీదే పూలమ్మే వాళ్ళ సంసారాలు నడుస్తాయి. అందుకే ఇప్పుడు పోయినా, తెరిచి ఉన్న అంగట్లో టెంకాయో, పూలో కొనండి. ఊర్నించి సంచులు నింపుకొని పోవద్దండి.

మరి రెండు మాటలు. కోతులకు తిండి పెట్టొద్దు. కార్తీకంలో అందరూ పెట్టిన అరటిపండ్లకు మరిగి, జనం తగ్గినాక అవి చేతిలోని సంచులు లాక్కుంటాయి. రెండోది, కొండ మీద నిప్పు చేయొద్దు. పుష్యం నాటికి గడ్డి ఎండిపోతాది, ఒక్క నిప్పురవ్వకు కొండవాలంతా అంటుకుంటాది. చెట్టూ గడ్డీ కాలిపోతే వాన నీళ్ళు ఇంకవు, జారిపోతాయి. అప్పుడు ఊటకే మోసం.

కేజీఎఫ్ నుంచి బంగారుపేట మీదుగా పోతే దోవలో రాగి కుప్పలు కూడా కనబడతాయి. ఆదివారం కాకుండా పని రోజు చూసుకొని, పొద్దున్నే పోండి. పిల్లలు ఫోన్లు తీసేలోపే ఆ నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో అడగండి. వాళ్ళకు తెలియకపోతే, మీకు తెలిసింది చెప్పండి.