కోచింగ్ ఎక్కడ?

భీమవరంలో ఎవరినైనా 'కోచింగ్ ఎక్కడ?' అని అడిగి చూడండి. ఐఐటీకా, నీట్‌కా అంటారు. ఏ ఆటకి అని ఒక్కరూ అడగరు. మైదానంలో ఉండాల్సిన మాటని తీసుకెళ్లి అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో కూర్చోబెట్టాం.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టుని నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణానికీ తీసుకెళ్లిన కోచ్ ఆయనే. జకార్తా ఫైనల్లో తలకి కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డుగా ఆడించారు. అతను గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1. ఆ ఎత్తుగడ ఏ కార్పొరేట్ మెటీరియల్లో ఉంది? (ఆయన మీద 2024లో సినిమా కూడా వచ్చింది, హిందీలో! మనకి తీరికేదీ?)

కాకినాడ మెక్లారిన్ హైస్కూల్ లాంటివి పెట్టిన మిషనరీల మతం గురించి ఎంతైనా వాదించుకుందాం. బడి అంటే గ్రౌండు కూడా అని మాత్రం వాళ్లకి తెలుసు. మనకి 2009లో విద్యాహక్కు చట్టంలో రాసి మరీ చెప్పాల్సొచ్చింది. చెప్పినా వింటేగా!

నేను చదివిన ప్రైవేటు బడిలో ఆటల పీరియడ్ లెక్కల సారుదే. మా అక్క కొడుకు ఇప్పుడు అక్కడే ఎనిమిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్. ఆఫ్‌సైడ్ అంటే వాడికి బాగా తెలుసు, ఫోన్లో ఆడతాడు కదా. బంతిని కాలితో తన్ని ఎన్నాళ్లయిందిరా అంటే, వాళ్లమ్మ వంక చూశాడు.