మూతది ఒక కథ... మిషన్‌ది ఇంకో కథ!

తాతగారి వాచీ. 1972లో పెళ్లికి మామగారు పెట్టారట. జపాన్ సరుకు, సీకో 5. బీరువాలో ఏళ్లతరబడి పడుకున్న దాన్ని మనవడు బయటికి తీసి రెండుసార్లు ఊపగానే టిక్కుటిక్కుమంది. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. అంతలో వారం చూపించే కిటికీలో... అరబ్బీ అక్షరాలు! తాతగారు గల్ఫ్ మొహం చూసిందే లేదు. మరి ఈ వాచీ ఆయనదేనా?

ఇలాంటి సందేహం ఏ ఇంట్లోనైనా రావచ్చు. సీకో అయితే ఆరా తీయడం కాస్త తేలికే. వెనక మూత మీద నాలుగంకెలు, గీత, మళ్లీ నాలుగంకెలు ఉంటాయి. మొదటి నాలుగూ లోపలి మిషన్ రకం. తర్వాతవి కేసు రకం. విడిగా సీరియల్ నంబరుంటుంది. అందులో మొదటి అంకె సంవత్సరానికి చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు సున్నా, నవంబరుకు ‘ఎన్’, డిసెంబరుకు ‘డి’.

తాతగారి మూత మీద 6119 అని ఉండి, ఆరంకెల సీరియల్ నంబరు 24తో మొదలైందనుకుందాం. ఏడాది చివరి అంకె రెండు, నెల ఏప్రిల్. అది 1972 కావచ్చు, 1982 కూడా కావచ్చు. అయితే 6119 మిషన్ 1960ల చివరి నుంచి 1970ల మధ్య వరకే వచ్చింది. అంటే 1972 ఏప్రిలే. పెళ్లినాటి మాట నిజమే!

తొందరపడకండి. అది మూత పుట్టిన తేదీ మాత్రమే. మూత తీసి మిషన్ మీద నంబరు చూడాలి. డయల్ అడుగున, అంచు దగ్గర, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో మరో నంబరుంటుంది. అందులోనూ మిషన్ రకం తెలుస్తుంది. మూడూ కలిస్తే సగం చిక్కు విడినట్టే.

మరి అరబ్బీ? కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు తెచ్చిన సీకోల్లో వారాలు ఇంగ్లిష్, అరబ్బీల్లో ఉండేవి. ఫారిన్ వాచీకి విడిభాగం దొరకని రోజుల్లో, ఆగిపోయిన ఒకదాని చక్రం తీసి ఇంకోదానికి వేసి బతికించేవారు మెకానిక్‌లు. అది మోసం కాదు, వైద్యం! అసలు మార్చే ఉంటారనీ చెప్పలేం. గల్ఫ్ కోసం తయారైన వాచీయే చేతులు మారి మామగారి దాకా వచ్చి ఉండొచ్చు.

అమ్మకానికని అతికించినవి వేరు. బెంగళూరులో 1961లో సిటిజన్ సాయంతో మొదలైన హెచ్ఎంటీ వాచీల కథే చూడండి. ఆ కంపెనీని మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించాక పాతవాటికి గిరాకీ పెరిగింది. దాంతోపాటే నారింజ, చిలకాకుపచ్చ రంగులు పూసిన ‘పాత’ డయళ్లూ వచ్చిపడ్డాయి. గుర్తుపట్టడం కష్టమేం కాదు. అక్షరాలు లావుగా, అలికినట్టు ఉంటాయి. నిమిషాల గీతలు గంటల గుర్తులకు సరిగ్గా ఎదురుగా రావు. వేరే మిషన్ డయలైతే వెనకున్న రెండు బుల్లి కాళ్లనూ కత్తిరించి జిగురుతో అంటిస్తారు. చీకట్లో డయల్ మీది రేడియం చుక్కలు నల్లగా ఉండి ముళ్లు మాత్రం మెరిస్తే, ముళ్లు తర్వాత వచ్చినవేనని అనుమానించాల్సిందే. రంగు నచ్చి కొనుక్కుంటే తప్పులేదు. దానికి ‘ఒరిజినల్’ ధర పెట్టడమే దండగ.

మళ్లీ తాతగారి వాచీ దగ్గరికొస్తే... మూత లోపలివైపు ఓసారి వెలుతురుకు పట్టి చూడాలి. రిపేరు చేసినప్పుడల్లా చాలామంది మెకానిక్‌లు అక్కడ సూదితో తేదీ, తమ గుర్తు గీకేవారు. సన్నగా ‘12-8-83’ అనో, రెండు పొడి అక్షరాలో కనిపిస్తే తాతగారినే అడగొచ్చు, ఆ ఏడు వాచీ ఎక్కడ బాగుచేయించారో. అందుకే శుభ్రం చేయించడానికి ఇచ్చేటప్పుడు ముందే చెప్పాలి... మూత లోపల పాలిష్ పట్టొద్దని.