తారు కరుగుతోంది.. కాల్గరీ కొలువుల మాటేమిటి?

ఈశాన్య అల్బర్టాలోని కోల్డ్ లేక్ వద్ద ఇంపీరియల్ ఆయిల్ సంస్థ 2024లో కొత్త పద్ధతిలో చమురు తీయడం మొదలుపెట్టింది. ఆవిరికి ద్రావణిని జోడించి భూమిలోకి పంపే ఈ విధానం వాణిజ్య స్థాయిలో పరిశ్రమలోనే మొదటిదని చెప్పుకొంది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అదే సంస్థ, 2027 చివరికల్లా సిబ్బందిలో దాదాపు 20 శాతం తగ్గిస్తామని, కాల్గరీ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఎడ్మంటన్ ప్రాంతానికి తరలిస్తామని ప్రకటించింది. కాల్గరీలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఈ రెండు వార్తలనూ కలిపి చదవాలి.

అక్కడి చమురు బిటుమెన్. చూడటానికి రోడ్డు తారే, దానంతటది పారదు. 1970ల్లో ఇంపీరియల్‌లో పనిచేసిన రోజర్ బట్లర్ ఒక ఉపాయం కనిపెట్టారు. సుమారు 5 మీటర్ల ఎడంతో ఒకదాని కింద ఒకటిగా రెండు అడ్డబావులు తవ్వి, పైదాంట్లోకి ఆవిరి పంపితే, కరిగిన తారు కింది బావిలోకి జారుతుంది. చిక్కల్లా ఆవిరితోనే. బ్యారెల్ తారుకు రెండు మూడు బ్యారెళ్ల నీరు మరిగించాలి. అందుకు సహజవాయువు మండించాలి, బొగ్గుపులుసు వాయువు వదలాలి.

చేతికంటిన తారు వేడినీళ్లకు సరిగా వదలదు, కాస్త కిరోసిన్ రాస్తే పోతుంది. ద్రావణి చేసే పనీ అదే. ప్రొపేన్, బ్యూటేన్, కండెన్సేట్ లాంటి తేలికపాటి హైడ్రోకార్బన్లు తారులో కలిసి పలచబరుస్తాయి, ఆవిరి అవసరం తగ్గుతుంది. కోల్డ్ లేక్‌లో పాత ఆవిరి పద్ధతితో పోలిస్తే ఉద్గారాల తీవ్రత 40 శాతం వరకు తగ్గుతుందని సంస్థ అంచనా. అయితే ఇది బ్యారెల్ లెక్క. బ్యారెళ్లు పెరిగితే మొత్తం పొగ తగ్గాలనేమీ లేదు. తీసిన చమురు కార్లలో మండినప్పుడు వచ్చేది ఎలాగూ తగ్గదు.

అసలు మెలిక డబ్బు దగ్గరుంది. ద్రావణి ధర తారు కంటే ఎక్కువ. ఖరీదైనది పోసి చవకైనది తోడటమన్నమాట. పోసిందాంట్లో ఎక్కువ భాగం తిరిగొస్తేనే గిట్టుబాటు. భూమిలో ఇంకిపోయింది నష్టమే. ఉద్గారాలపై పన్ను గట్టిగా ఉంటే ఈ లెక్క మెరుగుపడుతుంది, సడలితే ఆవిరే చవక అనిపిస్తుంది.

మరి కొలువులు? ఇంపీరియల్‌లో దాదాపు 70 శాతం వాటా ఎక్సాన్‌మొబిల్‌ది. ఆ సంస్థ పెద్ద కేంద్రాల్లో ఒకటి బెంగళూరులో ఉంది. భూగర్భంలో ద్రావణి ఎటు పాకుతుందో లెక్కగట్టే కంప్యూటర్ నమూనా ఎక్కడ కూర్చున్నా నడుస్తుంది. కాల్గరీలో అన్నకు పోయిన పని బెంగళూరులో తమ్ముడికి దొరికినా ఆశ్చర్యం లేదు! బావి దగ్గర, ద్రావణిని వేరుచేసే ప్లాంటులో మాత్రం మనిషి ఉండాల్సిందే. పిల్లల్ని పెట్రోలియం ఇంజినీరింగ్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు చమురు ధర ఒక్కటే చూస్తే చాలదు. కోల్డ్ లేక్‌లో పోసిన ద్రావణి ఎంత తిరిగొస్తోందో కూడా గమనించాలి. అది బాగుంటే మిగతా కంపెనీలూ ఈ దారి పడతాయి. అప్పుడు కూడా కొత్త పని పుట్టేది మంచు మధ్య, బావుల దగ్గరే తప్ప కాల్గరీ అద్దాల మేడల్లో కాదు.