తలుపు దగ్గర చూడాల్సింది మొహం కాదు

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పోయిన వారం చిన్నాయన ఒక మెసేజ్ పెట్టినాడు. "కొత్తవాళ్ళు ఎవరొచ్చినా తలుపు తీయొద్దు. హిందీవాళ్ళయితే గేటు దగ్గరికే రానీయొద్దు." అందరూ దండాల బొమ్మ పెట్టినారు. నేను పెట్టలేదు. ఎందుకో చెప్తాను.

చిన్నాయన భయం ఊరికే పుట్టింది కాదు. మా వీధిలో ఒక అవ్వ ఇంటికి ఇద్దరు వచ్చి, నగలకు మెరుగు పెడతామని గొలుసు కాజేసినారు. అయితే వాళ్ళు మాట్లాడింది చక్కటి తెలుగు. "అవ్వా" అని పిలిచినందుకే ఆమె తలుపు తీసింది.

చిన్నప్పుడు మా కేజీఎఫ్ ఇళ్ళ తలుపుల మీద కన్నడలో "నాళె బా" అని రాసి ఉండేది. ఆంధ్రలో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. దయ్యం మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని కథ. దయ్యం సంగతి ఎట్లున్నా, మోసం మాత్రం తెలిసిన గొంతుతోనే వస్తుంది.

మొహం చూసి, భాష చూసి భయపడితే ఏమవుతుందో 2018లో మన కర్ణాటకలోనే చూసినాము. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో పుకారు. మే నెలలో బెంగళూరు చామరాజపేటలో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి కొట్టి చంపినారు. జూలై 13న బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకడు అట్లే పోయినాడు. స్నేహితుడి ఊరు చూడడానికి వచ్చి, దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినారు, అంతే.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. అనుమానించడానికే నాకు జీతం. కానీ ప్రోగ్రాం రాసినవాడు ఎవరని మేము చూడం, అది ఏం చేస్తుందో చూస్తాం. తలుపు దగ్గరా అంతే. నగ చేతికియ్యమన్నా, ఓటీపీ అడిగినా, ఇంట్లో ఎవరెవరున్నారని ఆరా తీసినా, "ఇప్పుడే కావాలి" అని తొందరపెట్టినా తలుపు వేసేయండి, ఏ భాషవాడైనా సరే. గ్యాస్ తనిఖీ అంటే గ్రిల్లు తీయకుండా కార్డు అడగండి. మన గ్యాస్ పుస్తకంలో ఉన్న నంబరుకు ఫోన్ చేయండి, అతను చెప్పే నంబరుకు కాదు. నిజమైనవాడికి ఐదు నిమిషాలు నిలబడితే పోయేదేం లేదు. అనుమానం గట్టిపడితే 112 ఉంది. ఫోటో తీసి గ్రూపులో పెట్టడం, వీధిని పోగుచేయడం జాగ్రత్త కాదు. తప్పు మనదని తేలినా దాన్ని వెనక్కి తీసుకోలేము.

మా ఊరికి చెప్పకుండా వచ్చేవాళ్ళు ఇంకో రకం కూడా ఉన్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినాక ఊరు వదిలినవాళ్ళు, పుట్టిన ఇల్లు చూసుకోవడానికి వస్తుంటారు. సంక్రాంతికి ఒక పెద్దాయన మా గేటు పట్టుకొని, తమిళంలో "ఒక్కసారి చూసి పోతా" అన్నాడు. నాయన గ్రిల్లు తీయలేదు. నీళ్ళిచ్చి, పక్కింట్లో ఎవరుండేవాళ్ళని అడిగినాడు. ఆయన పేరు చెప్పినాడు. పక్కింటి తాతను పిలిస్తే, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చినారు. గ్రిల్లు అప్పుడు తీసినాము.

మా తాత కూడా పలమనేరు నుంచి గనిలో పనికని వచ్చి, తెలియని ఇంటి తలుపే తట్టినాడు. తీసింది తమిళవాళ్ళు.

చిన్నాయనా, ఆ మెసేజ్ మార్చు. "హిందీవాళ్ళు" అన్న చోట "నగ, ఓటీపీ, తొందర" అని పెట్టు. అప్పుడు నేనూ దండం పెడతా.