తాళంచెవి ఇచ్చి చేతులు దులుపుకుంటారా?

స్లాబు పెచ్చు ఊడి అన్నం తినే కంచంలో పడితే ఎవరిని అడగాలి? మా వాడలో ఇది రోజూ ఉండే ప్రశ్న. సర్కారు కట్టించి ఇచ్చిన ఇళ్లకు ఆరేళ్లు నిండకముందే చువ్వలు బయటపడ్డాయి. దరఖాస్తు రాసుకుని నలుగురం ఆఫీసుకు పోతే, "ఇల్లు మీ పేరున రాసిచ్చాం గదా, ఇక బాగోగులు మీవే" అన్నారు. కాంట్రాక్టరు మాటేమిటంటే, అతని పూచీ గడువు తీరింది, డిపాజిట్టు కూడా తీసుకుపోయాడట! ఇల్లు మనదైన రోజే అందులో జరిగిన దొంగతనమూ మన ఖాతాలో పడిందన్నమాట.

సున్నం కొట్టి రంగు వేశాక లోపం ఎవరి కంటికీ కనబడదు. సిమెంటు తగ్గించినా, ఉప్పు ఇసుక కలిపినా, స్లాబుకు కనీసం ఏడు రోజులు నీళ్లు పెట్టకపోయినా ఆ రోజుకు ఏమీ కాదు. ఉప్పు మెల్లగా చువ్వను తింటుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. దానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు పూచీ గడువు దాటిపోతుంది. కాంట్రాక్టరు ధైర్యమంతా అదే.

ఈ బాధ డబ్బున్నవాళ్లకూ తప్పలేదు. 2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంటులో కప్పులు కూలి ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. ఢిల్లీ ఐఐటీ వాళ్లు పరీక్ష చేస్తే కాంక్రీటులో క్లోరైడు, అంటే ఉప్పు, బయటపడింది. అయితే కొనుక్కున్నవాళ్లకు ఒక చట్టమన్నా ఉంది. 2016 రియల్ ఎస్టేట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు లోపం చూపిస్తే కట్టినవాడే 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. కానీ ఆ చట్టం అమ్మకానికి కట్టే ఇళ్లది. మనకిచ్చేది అమ్మకం కాదు, 'దయ'. దయకు గ్యారంటీ కార్డు ఉండదు!

పోనీ, మనమే బీమా కట్టుకుందామా? 2021లో వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీ చదవండి. నిప్పుకు, వరదకు, తుపానుకు, భూకంపానికి డబ్బిస్తుంది. నేల కుంగినా ఇస్తానంటుంది. ఆ పక్కనే, కుంగడానికి నాసిరకం పనో సరుకో కారణమైతే ఇవ్వనంటుంది. మన ఇంటిని తినేది సరిగ్గా ఆ నాసిరకమే.

ఫ్రాన్సులో 1978లో ఒక చట్టం చేశారు. కట్టినవాళ్ల పూచీ పదేళ్లు. ఆ పూచీకి బీమా తప్పనిసరి. కట్టించేవాళ్లు కూడా పని మొదలుకాకముందే ఇంకో బీమా తియ్యాలి. గట్టి లోపం బయటపడితే ముందు బాగుచేతకు డబ్బిస్తారు. తప్పు ఎవరిదో తర్వాత కంపెనీలు తేల్చుకుంటాయి. ఇంట్లో ఉన్నవాడు అంతదాకా కూలే కప్పు కింద కూర్చోనక్కర్లేదు. ఇలాంటి బీమాకు పునాది నాడే వేరే ఇంజనీరు వచ్చి పని చూస్తాడు. రేపు పోయేది కంపెనీ డబ్బు మరి! పేదవాడి ప్రాణం పోతుందంటే కదలని తనిఖీ, కంపెనీ డబ్బు పోతుందంటే కదులుతుంది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

బీమా ఒక్కటే దోపిడీని ఆపుతుందని మేం అనడం లేదు. ప్రీమియం మన నెత్తిన రుద్దితే అది ఇంకో దోపిడీ అవుతుంది. అందుకే మా డిమాండ్లు ఇవి: సర్కారు కాంట్రాక్టరుతో కట్టించే ప్రతి ఇంటికీ, మన పిల్లల బడికీ, హాస్టలుకూ పదేళ్ల పూచీ ఉండాలి. దానికి బీమా సర్కారే చేయించాలి, ప్రీమియం కాంట్రాక్టరు దగ్గర రాబట్టాలి. ప్లాస్టరింగుకు ముందే తనిఖీ జరగాలి, ఆ కాగితం తాళంచెవితో పాటు మన చేతికివ్వాలి.

ఆ తనిఖీలో కూలీల మాట కూడా రాసుకోవాలి. తట్టలు మోసింది మన అమ్మలు, అక్కచెల్లెళ్లే. సిమెంటు మూటకు ఎన్ని తట్టల ఇసుక పోశారో ఇంజనీరు కంటే వాళ్లకే బాగా తెలుసు. మా అమ్మకు తెలుసు. ఇంతవరకు ఆమెను అడిగినవాడు లేడు.

మిత్రులారా! పెచ్చు రాలిన రోజే తారీఖు రాసిపెట్టండి, ఫోటో తీయండి. దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి. ఒక్కరుగా కాదు, వాడంతా కలిసి పోండి. ఇల్లు భిక్ష కాదు, మన హక్కు. గట్టి ఇల్లు కూడా హక్కే!