శాంతిభద్రతల మిష

భూసేకరణను ఎదిరించిన లగచర్ల గిరిజన రైతులకు సంఘీభావముగా మహబూబాబాదులో భారత రాష్ట్ర సమితి తలపెట్టిన మహాధర్నాకు శాంతిభద్రతల పేరిట పోలీసులు అనుమతి నిరాకరింపగా, హైకోర్టు జోక్యము చేసికొని 2024 నవంబరు 25న షరతులతో జరుపుకొనుడని ఆదేశింపవలసివచ్చుట ప్రజాప్రభుత్వమని చెప్పుకొను పాలనకు గౌరవము కాదు. భూసేకరణలోని మంచిచెడ్డల విచారణ వేఱు. మేమిచట ప్రశ్నించుచున్నది ఆ నిరాకరణకు చూపిన కారణమును మాత్రమే.

2010 మే 28న మానుకోట యనబడు ఈ మహబూబాబాదు రైల్వేస్టేషనులోనే రాళ్లు రువ్వబడి, తుపాకులు ప్రేలిన ఘటనను ఎరిగిన అధికారి జంకుట సహజమే. కాని ఆ జంకు బందోబస్తునకు హేతువు కావలెను గాని నిషేధమునకు హేతువెట్లగును? ధర్నాకు కూర్చొనువారే అల్లరికి దిగుదురని పోలీసుల అనుమానమైనచో అందుకు ఆధారమేది? ఇతరులు వారిపై దాడిచేయుదురని భయమైనచో, కట్టడి చేయవలసినది దాడిచేయువారిని గదా! దౌర్జన్యపరుడు బెదిరించినంతనే మాటాడువాని నోరు మూయించుట రక్షకభటుల ధర్మమైనచో, ఏ ఊరిలో ఏ సభ జరుగవలెనో నిర్ణయించు అధికారము రాళ్లు రువ్వువాని చేతిలో పెట్టినట్లే. నిరాయుధులై శాంతియుతముగా సమావేశమగు హక్కును రాజ్యాంగపు 19వ అధికరణము ప్రసాదించినది. వీథులలో సభలను క్రమబద్ధము చేయవచ్చును గాని బొత్తిగా నిషేధింపరాదని హిమ్మత్‌లాల్ షా వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఏనాడో తేల్చినది. న్యాయస్థానము విధించిన షరతులను పోలీసులే మొదట విధించియుండిన ఎవరు వలదనిరి? విధింపకపోవుటచేతనే వారి వాదము మిష యని తెలియుచున్నది.

ఇందిరాపార్కు ధర్నాచౌకును 2017లో మూయించిన పక్షమే 2024లో ధర్నా హక్కు నడిగినదను ఆక్షేపణ నిజమే. నాడు ఆ మూసివేతను ఖండించిన కాంగ్రెసు అధికారమునకు వచ్చి 2024లో చేసినదేమి? 2016లో జిల్లాకై ఉద్యమించిన జనగామపై ప్రయోగింపబడినదియు ఇదే మిష, 144వ సెక్షను రూపమున. తుదకు అక్టోబరు 11న జనగామ జిల్లా యైనది! ఇయ్యదలచిన దానిని అడుగుటయే నేరమైనదా?

సభలను ఆపుటవలని నష్టమింతటితో తీరదు. ఎదుటివాని మాటను వాని నోట విననివారు దానిని వాని శత్రువుల నోట విందురు. అపుడు తండావాసి యనిన దుండగుడనియు, కలెక్టరనిన భూములు గుంజుకొనువాడనియు ముద్ర పడును. ఆ ముద్రలతోనే ఎన్నికలు నడచును. ఒకరి మాట ఒకరు వినకపోవుటకు నిదర్శనముగా భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ బరాజును చూడుడు. 2024 ఫిబ్రవరి 13న ముఖ్యమంత్రి శాసనసభ్యులను వెంటనిడుకొని కుంగిన స్తంభములను చూడబోగా, ప్రధాన ప్రతిపక్షమైన భారత రాష్ట్ర సమితి రాక అదేదినమున నల్లగొండలో సభ జరుపుకొనెను. మార్చి 1న వేఱుగా పోయి అవే స్తంభములను చూచెను. ఒకరికి సర్వనాశనమును, మరియొకరికి స్వల్పలోపమును కనబడినవి. ఒకేచోట నిలిచి, ఒకే ఇంజనీరును ఇరువురును ప్రశ్నించియుండిన గోదావరి నీటికై ఎదురుచూచు రైతునకు ఒక సమాధానమైనను దొరకెడిది.

మహాధర్నాను నిషేధించుట గాక, దానికి వచ్చువారికి పూర్తి రక్షణ కల్పించుటయే నాడు పోలీసుల విధి. నిరాకరణకు మూలమైన సమాచారమేదైన ఉన్నచో హోంశాఖ దానిని వెంటనే ప్రజలయెదుట నుంచవలెను; లేనిచో ఇకమీదట ఆధారము చూపక ఏ పక్షపు సభనైనను ఆపరాదని అన్ని జిల్లాల అధికారులకు లిఖితపూర్వకముగా ఆజ్ఞాపింపవలెను.