విశ్రాంతికి కొలత వయస్సా? బలమా?

మనిషి ఏ వయస్సున పని మానవలెను? ఈ ప్రశ్నకు ప్రభుత్వములు ఎన్నడూ ఒకే సమాధానము చెప్పలేదు. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినది. పిదప మరల 58 అయినది. 2014లో 60కి, 2022లో 62కు పెరిగినది. మన శాస్త్రములందును ఏకాభిప్రాయము లేదు. చరక సంహిత 60 ఏండ్ల వరకు మధ్య వయస్సనగా, సుశ్రుతుడు దానిని 70 వరకు పొడిగించెను. కావున సంవత్సరముల లెక్క ఒక్కటే ప్రమాణము కాజాలదని నా అభిప్రాయము.

నంద్యాలలో నా వద్దకు వచ్చు విశ్రాంత ఉద్యోగులలో పలువురికి నిద్రలేమి, మలబద్ధకము, అగ్నిమాంద్యము కనిపించుచున్నవి. నిన్నటిదాకా వేళకు తిరిగిన శరీరము ఒక్కసారిగా పడక కుర్చీకి పరిమితమగుటయే వీరిలో చాలామందికి కారణము. ఇక ఆళ్లగడ్డ శిల్పుల సంగతి వేరు. ఉలి పట్టిన వానికి పదవీ విరమణ ఉత్తర్వు రాదు. నడుము వంగినను, వేళ్ల కీళ్లు బిగిసినను, ఆయాసము వచ్చినను ఉలి దించలేడు. దించిన నాడు కూలి లేదు. అర్హులైన పేదలకు 60 ఏండ్లు నిండగానే ఇచ్చు పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలైనది. అది ఊతమే గాని, పని మానుటకు చాలదు.

వ్యాయామమునకు మన ఆచార్యులు విధించిన అర్ధశక్తి నియమమే ఇరువురికీ మార్గము. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టి, నోరెండినచో సగము బలము ఖర్చయినట్లే. వృద్ధులు అక్కడ ఆగవలెను. దాటినచో వాతము ప్రకోపించును. విశ్రాంత ఉద్యోగి రోజుకు రెండు మూడు గంటలు పిల్లలకు చదువు చెప్పుటయో, తోటపని చేయుటయో అలవరచుకొనవలెను. శిల్పశాలలలో బండ మోయుట, మోటుగా చెక్కుట యువకులకు విడిచి, కనుముక్కు తీర్చు పనిని పెద్దలకు పూటపనిగా ఇవ్వవలెను. కూలి మాత్రము గంటలను బట్టి గాక నేర్పును బట్టి ముట్టవలెను.

కీళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, వేడినీటి కాపడము మేలు. అయితే ఊపిరితిత్తులలో చేరిన రాతిధూళిని తీయు కషాయము నా వద్ద లేదు. రాతిని తడిపి చెక్కవలెను. ధూళిని ఆపగల మంచి మాస్కు ధరించవలెను. ఆయాసమున్నచో ఆలస్యము చేయక ఊపిరితిత్తుల వైద్యుని చూడవలెను.

పని ఔషధము వంటిది. మాత్ర మించినను, బొత్తిగా మానినను కీడే. ఆ మాత్రను నిర్ణయించుకొను స్వేచ్ఛ ఉద్యోగికి ఉన్నట్లే ఉలి పట్టిన వానికిని ఉండవలెను.